పుట్టగొడుగును దాచుకున్న చరిత్ర

మన మెట్ట నేలల్లో దొరికే తిండి అన్నిటిలోకీ తక్కువ ఆయుష్షు ఉన్నది పుట్టగొడుగు. మృగశిర దాటి ఆరుద్ర జల్లులు పడ్డాక, ఉరుములు ఉరిమి రాత్రంతా వాన కురిస్తే, తెల్లారేసరికి పుట్ట పక్కన తెల్లగా విచ్చుకుని కనిపిస్తుంది. పొద్దెక్కితే గొడుగు విరుగుతుంది, మరునాటికి నల్లబడి పురుగు పడుతుంది. జొన్నలు గుమ్మిలో ఏడాది ఉంటాయి, చింతపండు కుండలో రెండేళ్లు ఉంటుంది. పుట్టగొడుగుకు ఒక్క రోజే గడువు. ఆ ఒక్క రోజును మన పెద్దలు ఎలా పొడిగించుకున్నారు, ఇవాళ మనం ఎలా పొడిగించుకుంటున్నాం అన్నదే ఈ వ్యాసం. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ‘గిరిజనులకు దాచుకోవడం తెలియదు’ అన్న మాట బడి పుస్తకాల నుంచి ఆఫీసుల దాకా మనం వింటూనే ఉన్నాం. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ఇలాంటి చిన్న విషయాలనే తరచి చూడాలి.

ముందుగా పుట్ట సంగతి. పుట్టగొడుగు పుట్ట దగ్గరే ఎందుకు మొలుస్తుంది? చెదలు ఎండుటాకులు, కట్టెలు కొరికి లోపలికి తెచ్చి, వాటితో తేనెపట్టులాంటి అరలు కట్టి, వాటిపై ఒక బూజును పెంచుతాయి. అదే వాటి సేద్యం. వానకు నేల తడిసినప్పుడు ఆ బూజే గొడుగై పైకి వస్తుంది. శాస్త్రవేత్తలు ఈ జాతికి పెట్టిన పేరు టెర్మిటోమైసిస్. చెదపుట్టల్లోని ఈ బూజు గురించి 1779లోనే రాసినవాడు జోహాన్ గెర్హార్డ్ కోనిగ్. తమిళ తీరంలోని తరంగంబాడిలో డేనిష్ వారి దగ్గర వైద్యుడిగా పనిచేసిన ఇతను 1785లో మన కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. ఈ గొడుగును చెదలు లేకుండా పంటగా పండించడం నేటికీ వ్యాపార స్థాయిలో సాధ్యం కాలేదు. హిమాచల్‌లోని సోలన్‌లో 1983 నుంచి పుట్టగొడుగుల జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. బటన్, ఆయిస్టర్, వరిగడ్డి పుట్టగొడుగులను మన దేశంలో ఇప్పుడు షెడ్లలో పండిస్తున్నారు. పుట్ట మీది గొడుగు మాత్రం పుట్ట ఉన్నచోటే దొరుకుతుంది.

ఇక దాచుకోవడం. 1940లో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. 1943లో వారిపై పుస్తకం వెలువరించాడు. చెంచులు ఏ పూట తిండి ఆ పూట అడవిలో సేకరించుకుని బతికే జనమని ఆ పుస్తకం లోకానికి చెప్పింది. చూసినది చూసినట్టే రాశాడు. కానీ ఆ తరువాత చాలామంది దాన్ని ‘ముందుచూపు లేని జనం’ అని చదువుకున్నారు. చెంచులు ఇప్పపువ్వును ఎండబెట్టి దాచుకునేవారన్న సంగతిని పక్కన పెట్టారు. దాచదగినదాన్ని దాచారు, దాచలేనిదాన్ని పంచారు. ఒక ఇంటికి బుట్టెడు పుట్టగొడుగులు దొరికితే, అది ఒక్క పూటలో ఆ ఇల్లు తినగలిగినది కాదు, రేపటికి నిలిచేదీ కాదు. పక్క గుడిసెకు పంపితే, మరో రోజు ఆ గుడిసె నుంచి ఇంకేదో వస్తుంది. తిండిని కుండలో కాక బంధుత్వంలో నిల్వ చేసిన పద్ధతి ఇది.

లంబాడీల చరిత్ర వేరు. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగినవారు. 17వ శతాబ్దంలో మొగల్ సేనలకు ధాన్యం మోస్తూ దక్కన్‌లోకి వచ్చినవారు. నెలల తరబడి దారిలో ఉండే జనానికి ఎండబెట్టడం, ఉప్పు పట్టించడం రాకపోతే బతుకే లేదు. ఇంగ్లీషువాళ్ల రైళ్లు ఆ రవాణాను మింగేశాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం బ్రిటిష్ ప్రాంతాల్లో చాలా సంచార తెగల మీద దొంగలన్న ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఆ ముద్ర పోలేదు. ఎద్దుల బిడారం ఆగాక మనవాళ్లు తండాలు కట్టుకుని చెలకల్లో జొన్న, ఆముదం వేసుకున్నారు. తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. వృత్తి పోయినా ఎండబెట్టే విద్య మాత్రం ఇంట్లో మిగిలింది.

జడ్చర్ల చుట్టుపక్కల తండాల్లో పెద్దవాళ్లు చెప్పే పద్ధతి ఇది. పుట్టగొడుగు కాడ కింద మట్టి పట్టిన భాగం కోసేసి, గొడుగును నిలువునా చీల్చి, చాటలో పలుచగా పరిచి ఎండబెట్టడం. ముసురు పట్టితే పొయ్యి పైన దండలా వేలాడదీయడం. కాకర, వంకాయ ఒరుగుల్లాగే ఇవీ ఒరుగులు. పుట్టగొడుగులో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు నీరే కాబట్టి పది కిలోలు ఎండితే కిలో మిగులుతుంది. సీత్లా పండుగ నాటికి దాచినది ఎండాకాలంలో జొన్నరొట్టె పక్కకు కూరయ్యేది. ఏటా సుమారు 600 మిల్లీమీటర్ల వానతో బతికే పాలమూరులో, కూరగాయలు కరువయ్యే నెలల్లో, ఆ గుప్పెడు ఒరుగుల విలువ కరువు చూసినవాళ్లకే తెలుసు.

ఇప్పుడు ఫ్రిజ్ వచ్చింది. మన దేశంలో తయారైన తొలి ఫ్రిజ్‌ను గోద్రెజ్ 1958లో తెచ్చింది. తండాలకు అది చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. గడ్డకట్టించి దాచడం పట్నం విద్య అనీ, కంపెనీల విద్య అనీ మన పిల్లలు అనుకుంటారు. దాని చరిత్ర వేరుగా ఉంది. 1912 తరువాత అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ కెనడా ఉత్తరాన లాబ్రడార్‌లో కొన్నేళ్లు ఉన్నాడు. అక్కడి ఇన్యూట్ ఆదివాసులు ఎముకలు కొరికే చలిలో పట్టిన చేపను గాలికి పెడితే క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తరువాత వండినా తాజాగా ఉండటం చూశాడు. వేగంగా గడ్డకడితే మంచు రవ్వలు చిన్నవిగా ఏర్పడతాయి, కండ చెడదు. నెమ్మదిగా గడ్డకడితే రవ్వలు పెద్దవై లోపలి కణాల గోడలను చీల్చేస్తాయి, కరిగాక ముద్దవుతుంది. ఈ గుట్టును పట్టుకుని అతను యంత్రం చేశాడు. 1929లో ఆ వ్యాపారం 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో గడ్డకట్టించిన తిండి అమ్మకానికి వచ్చింది. డబ్బాల మీద బర్డ్స్‌ఐ పేరు నిలిచింది. చేపను చూపించిన ఇన్యూట్ల పేరు నిలవలేదు. యంత్రం అతనిదే, కాదనడం లేదు. కానీ ఆ విద్యకు మూలం ఒక ఆదివాసీ వంటిల్లు అన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

మన జిల్లాకు ఈ విద్య కొత్త కాదు. బాలానగర్ పేరుతోనే సీతాఫలంలో ఒక రకం ఉంది. గుట్టల్లో మన ఆడవాళ్లు ఏరి తెచ్చిన ఆ పండు గుజ్జును గడ్డకట్టించి ఐస్‌క్రీం చేసేవారికి అమ్ముతున్నారు. పుట్టగొడుగుకూ అదే సూత్రం. కాకపోతే పచ్చిది పచ్చిగా పెడితే రంగు మారి రుచి చెడుతుంది. అందుకని మట్టి లేకుండా త్వరగా కడిగి, ముక్కలైతే మూడు నిమిషాలు, పూర్తి గొడుగులైతే ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడకనివ్వాలి. లేదా కొద్దిగా నూనెలో నీరు ఇగిరేదాకా వేయించాలి. ఆవిరి పట్టే ముందు నిమ్మరసం కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే నల్లబడదు. బాగా చల్లార్చి, తడి లేకుండా ఆరనిచ్చి, ఒక పూటకు సరిపడా కవర్లలో పలుచగా పరిచి, గాలి పోయేలా ఒత్తి మూయాలి. పైన తేదీ రాయాలి. సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉండే ఫ్రీజర్‌లో ఏడాది దాకా బాగుంటాయి. ఒక్క తలుపు ఫ్రిజ్‌లోని మంచు అర అంత చల్లగా ఉండదు కాబట్టి నెల లోపే వాడుకోవాలి. వండేటప్పుడు కరిగించకుండా నేరుగా పోపులో వేయాలి. కరెంటు పోయి ఒకసారి కరిగితే మళ్లీ గడ్డకట్టించవద్దు. ఇంకా చల్లగా ఉంటే ఆ పూటే వండుకోవాలి, వేడెక్కితే పారేయాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చలి విషాన్ని చంపదు. ఎండబెట్టడం గానీ ఉడికించడం గానీ ప్రాణం తీసే పుట్టగొడుగుల విషాన్ని తీసేయలేవు. వెండి నాణెం నల్లబడితే విషమనీ, ఉల్లిపాయ రంగు మారితే విషమనీ చెప్పే పరీక్షలు నమ్మదగినవి కావు. మంచి గొడుగేదో, కుక్కగొడుగేదో ఏళ్ల తరబడి ఏరినవాళ్ల కన్నే చెప్పగలదు. వాళ్లు ఔనంటేనే తినాలి, అనుమానం వస్తే వదిలేయాలి.

అసలు భయం ఇక్కడే ఉంది. ఫ్రిజ్ వచ్చింది గానీ ఆ కన్ను పోతోంది. పాలమూరు లేబర్ పేరుతో మనవాళ్లు వానాకాలంలో కూడా ముంబయి, పుణె పనుల్లో ఉంటున్నారు. పిల్లలు హాస్టళ్లలో ఉంటున్నారు. అవ్వ వెంట పుట్ట దాకా నడిచే తరం తగ్గింది. పుట్టలూ తగ్గాయి. ట్రాక్టర్ దున్నకానికి, చెదల మందులకు, ప్లాట్లుగా మారిన బంచరాయిలకు అవి పోతున్నాయి. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో రైతుల చెలకలున్నచోట ఇప్పుడు మందుల కంపెనీలున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కిచ్చింది. అందులో తేనె, వెదురు, తునికాకు, వేర్లు, దుంపల పేర్లున్నాయి. పుట్టగొడుగు పేరు విడిగా లేదు, ‘అలాంటివి’ అన్న మాటలోనే అది తలదాచుకోవాలి. పైగా మన చెలకల్లో, గట్ల మీద మొలిచేదానికి ఆ చట్టమూ వర్తించదు.

కాబట్టి ఉపాధ్యాయులను మేము ఒకటి అడుగుతున్నాం. ఈ వానాకాలం, తీజ్ పండుగ లోపు, ప్రతి విద్యార్థి తన తండాలో, పెంటలో ఒక పెద్దావిడను కూర్చోబెట్టుకుని నాలుగు సంగతులు రాసుకు రావాలి. ఏ కార్తెలో ఏ గొడుగు వస్తుంది? గోర్ బోలీలో, చెంచుల మాటలో దాని పేరేమిటి? ఏ పుట్ట ఎవరి గట్టున ఉంది? ఏది తినరు, ఎందుకు తినరు? ఆ కాగితాల మీద చెప్పినవారి పేరు ముందు రాయండి, రాసినవారి పేరు తరువాత రాయండి. లాబ్రడార్‌లో జరగని పని జడ్చర్లలోనైనా జరగనివ్వండి. గొడుగును ఫ్రీజర్ దాస్తుంది. దాన్ని గుర్తుపట్టే విద్యను మనమే దాచుకోవాలి.