విశాలకోణ కటకము: వెలకు తగినదేనా?

పాఠశాలలో సంవత్సరాంతమున తీయించు బృంద ఛాయాచిత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆవరణ చిన్నది, విద్యార్థులు ఎక్కువ. ఫోటో తీయువాడు వెనుకకు, ఇంకను వెనుకకు నడచి, తుదకు ప్రహరీగోడకు వీపు ఆనించి నిలుచును. అయినను ఇరుప్రక్కల చివర నున్న ఇద్దరు ముగ్గురు చిత్రములోనికి రారు. గోడను నెట్టలేము గనుక కెమెరా చూపునే వెడల్పు చేయవలెను. ఆ పని చేయునదే విశాలకోణ కటకము.

ఇట్టి కటకములు అంగడిలో అనేకము కలవు. రెండింటి చూపు వెడల్పు ఒక్కటే అయినను వెలలో పదిరెట్ల తేడా ఉండవచ్చును. జూమ్ కాని, నాభ్యంతరము స్థిరముగా నుండు ఖరీదైన విశాలకోణ కటకమును కొనవచ్చునా, కొనరాదా? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము కటకముల చరిత్రలో దొరకును. ఏలయనగా ఆ వెలలోని ప్రతిభాగమును ఎవరో ఒకరు ఒకప్పుడు ఎదుర్కొన్న చిక్కునకు మనము చెల్లించు మూల్యమే.

చూపు కోణము

ఫిల్ముపై చిత్రము 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు ఉన్నదనుకొందము. దాని కర్ణము సుమారు 43 మి.మీ. నాభ్యంతరము 50 మి.మీ. గల కటకము ఆ కర్ణము వెంబడి సుమారు 47 డిగ్రీల కోణమును చూడగలదు. నాభ్యంతరము 24 మి.మీ. అయినచో ఆ కోణము 84 డిగ్రీలగును. నాభ్యంతరము తగ్గినకొలది చూపు విస్తరించునన్నమాట. సూత్రమింత సులభము. కాని అంచుల వరకు స్పష్టముగను, సమానమైన వెలుగుతోను చిత్రము నిచ్చు కటకమును చేయుట సులభము కాలేదు.

నీటి గోళము

1839లో డాగేర్ ఛాయాగ్రహణ విధానము లోకమునకు వెల్లడియైనది. మరుసటి సంవత్సరమే జోసెఫ్ పెట్జ్వాల్ అను గణితాచార్యుడు ఎఫ్ 3.6 ద్వారము గల కటకమును గణించి రూపొందించెను. అది వెలుగును ధారాళముగా గ్రహించెడిది. మనుషుల ముఖములు తీయుటకు ఎంతో అనుకూలించెను. కాని స్పష్టత నడుమనే, అంచులు మసకబారెడివి. భవనములను, విశాలమైన ప్రకృతి దృశ్యములను తీయువారికి అది చాలలేదు.

1859లో థామస్ సట్టన్ అను ఆంగ్లేయుడు ఒక విచిత్రమైన ఉపాయము పన్నెను. రెండు దళసరి గాజు చిప్పలను గోళాకారముగా చేర్చి, వాటి నడుమ నీరు నింపెను. గోళము ఏ వైపునుండి చూచినను ఒకే రీతిగా నుండును గదా! అందుచే ఆ కటకము సుమారు 120 డిగ్రీల దృశ్యమును పట్టగలిగెను. అయితే దాని ప్రతిబింబము చదునైన పలకపై పడదు. వంపు తిరిగిన పలక కావలెను. ఆ పలకకు మందు పూయుటకు, భద్రపరచుటకు, దానినుండి ప్రతులు తీయుటకు వాడు పరికరములన్నియు వంపు తిరిగినవే కావలసివచ్చెను. ద్వారమా, ఎఫ్ 30 మాత్రమే. కొన్నవారు బహు స్వల్పము. కటకము వెలను మాత్రమే చూడరాదు, దానితోకూడ కొనవలసిన సరంజామా వెలను కూడ చూడవలెనని సట్టన్ గోళము నేర్పిన మొదటి పాఠము. (ఈ సట్టనే 1861లో మాక్స్‌వెల్ ప్రదర్శించిన తొలి రంగుల ఛాయాచిత్రమునకు ఫోటోలు తీసినవాడు.)

మూలల చీకటి

చదునైన పలకపై విశాల దృశ్యమును పట్టుటలో మరియొక చిక్కు కలదు. కటకము అక్షమునుండి ఒక కోణములో వచ్చు కాంతికి పలక ఎక్కువ దూరమున నుండును. ద్వారము ఏటవాలుగా, సన్నగా కనబడును. కాంతియు పలకపై వాలుగా పడును. దూరమువలన కొసైను వర్గమంతటికి తగ్గును. మిగిలిన రెండు కారణములవలన ఒక్కొక్క కొసైను చొప్పున తగ్గును. మొత్తము మీద కాంతి ఆ కోణపు కొసైను నాలుగవ ఘాతము మేరకు తగ్గిపోవును. 30 డిగ్రీల దగ్గర 16లో 9 వంతులు, 45 డిగ్రీల దగ్గర నాలుగవ వంతు, 60 డిగ్రీల దగ్గర పదునారవ వంతు మాత్రమే మిగులును. విద్యార్థులు త్రికోణమితి పట్టికతో దీనిని సరిచూచుకొనవచ్చును.

1900లో జర్మనీలోని గోయెర్జ్ సంస్థకు ఎమిల్ ఫన్ హోయెగ్ రూపొందించిన హైపర్గాన్ సుమారు 135 డిగ్రీలు చూడగలిగెను. అందులో ఉన్నవి రెండే గాజు బిళ్ళలు. మూలల చీకటికి దానిలో చేసిన చికిత్స వినోదకరమైనది. కటకము ముందు ఒక చిన్న నక్షత్రాకారపు చక్రమును అమర్చి, రబ్బరు బుడ్డినుండి ఊదిన గాలితో దానిని తిప్పెడివారు. అది నడిమి కాంతిని కొంతసేపు అడ్డగించెడిది. పిదప దానిని తొలగించి నడిమి భాగమునకు కాంతి నిచ్చెడివారు.

ఆకాశమునుండి నేల కొలత

ఖరీదైన విశాలకోణ కటకము నిస్సందేహముగా లాభసాటియని మొదట తేల్చినవారు విమానములనుండి పటములు తీయువారు. ఒక లెక్క చూడుడు. 3,000 మీటర్ల ఎత్తున విమానము ఎగురుచున్నది; ఫిల్ము ప్రక్క 18 సెం.మీ. నాభ్యంతరము 20 సెం.మీ. అయినచో ఒక్కొక్క చిత్రములో 2,700 మీటర్ల ప్రక్క గల చదరపు నేల పడును. నాభ్యంతరము 10 సెం.మీ. అయినచో ప్రక్క 5,400 మీటర్లగును. వైశాల్యము నాలుగు రెట్లు. కావలసిన చిత్రములు నాలుగవ వంతే. విమానము తిరుగు దూరమును ఎంతో తగ్గును. కాని చిత్రములో ప్రతివస్తువు సగము కొలతకు చిన్నదగును. కనుక మూలమూలలకు సూదిమొన వంటి స్పష్టత ఉన్ననే గాని ఆ పొదుపు దక్కదు. ఆ స్పష్టతకే వెల.

జైస్ సంస్థలో రాబర్ట్ రిక్టర్ 1933లో రూపొందించిన టోపోగాన్ సుమారు 100 డిగ్రీల కోణముతో ఈ అవసరమును తీర్చెను. 1946లో సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ రుసినోవ్ ఇరువైపుల చివరలందు పెద్ద పుటాకార కటకముల నుంచు పద్ధతిని చూపెను. దానివలన ప్రక్కనుండి చూచినపుడు ద్వారము సన్నబడుటకు బదులు పెద్దదిగా కనబడును. మూలల చీకటి తగ్గును. లుడ్విగ్ బెర్టెలే ఈ మార్గముననే బయోగాన్ కటకమును రూపొందించెను. 1954లో అది 21 మి.మీ. నాభ్యంతరముతో కాంటాక్స్ కెమెరాకును, 38 మి.మీ. నాభ్యంతరముతో హాసెల్‌బ్లాడ్ విశాలకోణ కెమెరాకును అమరెను.

అద్దము తెచ్చిన చిక్కు

ఇంతలో దర్పణ కెమెరాలు వ్యాప్తిలోనికి వచ్చెను. వీటిలో కటకమునకు, ఫిల్మునకు నడుమ కదలెడి అద్దమొకటి ఉండును. నాభ్యంతరము తక్కువయైన బయోగాన్ వంటి కటకము ఫిల్మునకు మిక్కిలి దగ్గరగా నుండవలెను గనుక అద్దమునకు తావు చాలదు. 1959లో నికాన్ దర్పణ కెమెరాకు వచ్చిన 21 మి.మీ. కటకమును బిగించుటకు అద్దమును పైకెత్తి ఉంచి, దృశ్యమును వేరొక కిటికీలోనుండి చూడవలసియుండెను!

ఈ చిక్కునకు విరుగుడు కటకమును తలక్రిందులైన దూరదర్శక కటకము వలె నిర్మించుట. ముందు పెద్ద పుటాకార కటకము, వెనుక కుంభాకార కటకముల సముదాయము. 1950లో ఫ్రెంచి దేశీయుడు పియెర్ ఆంజెన్యూ 35 మి.మీ., ఎఫ్ 2.5 కటకమును ఈ రీతిగా చేసి విక్రయించెను. కాని ముందు వెనుకల పొందిక పోవుటచే సరళరేఖలు పీపావలె ఉబ్బుట, దగ్గరి వస్తువుల అంచులు చెదరుట మొదలగు దోషములు పెరిగెను. వాటిని సరిదిద్దుటకు బిళ్ళల సంఖ్య పెంచవలసివచ్చెను. 1967 నాటి నికాన్ 24 మి.మీ. కటకములో 9 బిళ్ళలు ఉండెను. దగ్గరి వస్తువులపై కేంద్రీకరించునపుడు వాటి నడిమి ఎడము కూడ మారెడిది. 1975లో కానన్ సంస్థ గోళాకారము కాని తలము గల 24 మి.మీ., ఎఫ్ 1.4 కటకమును విడుదల చేసెను.

ఇన్ని బిళ్ళలుండుట సాధ్యమైనది 1935లో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకూలా కనిపెట్టిన పలుచని పూత వలననే. పూత లేని గాజు తలము ఒక్కొక్కటి నూటికి సుమారు 4 వంతుల కాంతిని వెనుకకు త్రోసివేయును. పండ్రెండు తలములు దాటునప్పటికి నూటికి 61 వంతులే మిగులును. పోయిన కాంతియు ఊరకపోక చిత్రమును పొగమంచు వలె కప్పును.

కొనుటకు ముందు లెక్క

ఈ చరిత్రను బట్టి ఖరీదైన కటకము మనకిచ్చునది ముఖ్యముగా రెండు: పెద్ద ద్వారము, ఆ ద్వారము పూర్తిగా తెరచినపుడును చెడని మూలలు. ఎఫ్ 1.4 ద్వారము ఎఫ్ 2.8 కంటె నాలుగు రెట్లు కాంతి నిచ్చును. నక్షత్రములను ఫోటో తీయువారికి ఇది ఎంత మేలో చూడుడు. భూమి నాలుగు నిమిషములలో ఒక డిగ్రీ తిరుగును. 24 మి.మీ. కటకమును 20 సెకండ్లు తెరచి ఉంచినచో ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రము చిత్రముపై 0.035 మి.మీ. గీతగా సాగును. అంతే వెలుగు ఎఫ్ 1.4 తో 5 సెకండ్లలో లభించును. అపుడు గీత 0.009 మి.మీ. మాత్రమే. ఇట్టి పని తరచుగా చేయువానికి వెల బరువు కాదు.

కాని పట్టపగలు ఎఫ్ 8 వద్ద భవనములను, బృందములను తీయువానికి చౌక కటకమునకు, ఖరీదైన దానికి తేడా భూతద్దముతో వెదకవలసినంతయే. నేటి డిజిటల్ కెమెరాలు గీతల వంపును గణనముచేత సరిదిద్దుచున్నవి. మూలల చీకటిని పోగొట్టగలవు గాని, అచ్చట రాని కాంతిని తేలేవు. చుక్కల గరుకుదనము పెరుగును.

మరియొక సంగతి. బృంద చిత్రములో చివర నిలిచినవాని ముఖము వెడల్పుగా కనబడుట కటక దోషము కాదు. సరళరేఖలను సరళరేఖలుగానే చూపు ప్రతి కటకమును 42 డిగ్రీల దగ్గర వస్తువును సుమారు మూడవ వంతు సాగదీయును. ఎంత ధనము వెచ్చించినను ఇది పోదు. చివరివారిని కొంచెము లోనికి జరుపుటయే మందు. దానికి ఖర్చు లేదు.

కావున కొనగోరువారు ముందొక నెల పరీక్ష చేయుట మంచిది. తమ వద్దనున్న జూమ్ కటకమును 24 మి.మీ. వద్ద నిలిపి, దానితోనే చిత్రములు తీయవలెను. కాంతి చాలక, లేదా మూలలు చెడి పాడైనవెన్నో. తాము నిలిచిన చోటు సరికాక పాడైనవెన్నో వేర్వేరుగా లెక్కించవలెను. మొదటి లెక్క పెద్దదైనచో కటకము వెలకు తగినదే. రెండవది పెద్దదైనచో మార్చవలసినది కటకము కాదు, నిలుచు చోటు.