ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ (1916 మూకీ చిత్రం)

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ సాహస నవలల ఆధారంగా అమెరికాలో యూనివర్సల్ సంస్థ నిర్మించిన మూకీ చిత్రం. దర్శకుడు స్టూవర్ట్ పేటన్. విడుదల తేదీగా సాధారణంగా 1916 డిసెంబరు 24ను చూపుతారు. అక్టోబరులోనే చికాగోలో ప్రదర్శించారన్న కథనమూ ఉన్నందున, డిసెంబరు తేదీని న్యూయార్క్ ప్రదర్శనకు పరిమితం చేయడం సబబు.

పూర్వచిత్రాలు: 1907లో జార్జ్ మెలియెస్ తీసిన ఫ్రెంచి లఘుచిత్రం ఒక జాలరి కల, స్టూడియోలో గీసిన తెరలే అందులో సముద్రం. వెర్న్ కథ అందులో నామమాత్రం. 1905 నాటిదిగా కొన్ని జాబితాలకెక్కిన అమెరికన్ చిత్రాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు.

చిత్రీకరణ: సముద్రగర్భ దృశ్యాలను జాన్ ఎర్నెస్ట్, జార్జ్ విలియమ్సన్ సోదరులు బహామాస్ దీవుల వద్ద తీశారు. వారి తండ్రి కెప్టెన్ ఛార్లెస్ విలియమ్సన్ నీటి అడుగు పనుల కోసం రూపొందించిన వంగే లోహపు గొట్టమే దీనికి ఆధారం. పడవ నుంచి కిందికి దిగే ఆ గొట్టం చివర అద్దపు కిటికీ ఉన్న గదిని అమర్చారు. పైనుంచి మామూలు గాలి అందడంతో ఛాయాగ్రాహకుడు పొడిగా కూర్చునే కెమెరా తిప్పగలిగాడు. సోదరులు తొలి ప్రయోగాలు చేసిన వర్జీనియా తీరపు మురికి నీటితో పోలిస్తే బహామాస్‌లో నీరు తేట, వెలుతురు ఎక్కువ. సినిమాలో కనిపించే యాంత్రిక ఆక్టోపస్‌ను దాని లోపలున్న డైవర్ ఆడించాడని జాన్ ఎర్నెస్ట్ రాసుకున్నాడు. ‘నీటి అడుగున తీసిన తొలి చిత్రం’ అనే వాడుక మాట అతిశయోక్తి: ఈ సోదరులే 1914లో అక్కడ యథార్థ దృశ్యాలు తీశారు. ‘అటువంటి దృశ్యాలున్న తొలి పూర్తి నిడివి కథాచిత్రం’ అనడం ఎక్కువ సమంజసం. నిర్మాణ వ్యయంపై ప్రచారంలో ఉన్న భారీ అంకెలను జాగ్రత్తగా చూడాలి.

కథ: వెర్న్ మరో నవల ‘ద మిస్టీరియస్ ఐలాండ్’ను కూడా ఇందులో కలిపారు. కథలోని జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నీమో అసలు పేరు డక్కర్ అనీ, అతడు బుందేల్‌ఖండ్ రాకుమారుడనీ, 1857 తిరుగుబాటులో పాల్గొన్నాడనీ వెర్న్ వెల్లడించింది ఆ నవలలోనే. సినిమాలో ఈ పాత్రను అలెన్ హోలుబర్ పోషించాడు. అపహరణకు గురైన కూతురు, ఆ అపహరణకు కారకుడైన వ్యాపారిపై పగ సినిమా చేర్పులు. నవలలో నీమో కుటుంబమంతా తిరుగుబాటు కాలంలోనే నశిస్తుంది. సినిమాలో వలసపాలనపై ద్వేషం ఆ మేరకు సొంత పగగా కుదించుకుపోయింది. అయినా నీమోను భారతీయుడిగా నిలిపిన తొలి ప్రధాన చిత్రం ఇదే కావచ్చు.

అనంతర కాలం: 1929లో ఎమ్‌జీఎమ్ తీసిన ‘ద మిస్టీరియస్ ఐలాండ్’లో లయొనెల్ బారీమోర్ డక్కర్‌గా నటించాడు గానీ ఆ డక్కర్ భారతీయుడు కాడు. 1916 చిత్రాన్ని 2016లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు.