రాగిరేకుల్లోంచి తెలుగు చరిత్ర: ఆంధ్రేతిహాస పరిశోధక మండలి

ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడింది. రాజరాజ నరేంద్రుడు శక సంవత్సరం 944లో, అంటే క్రీ.శ. 1022లో, వేంగీ సింహాసనం ఎక్కాడని కోరుమెల్లి తామ్రశాసనం చెబుతుంది. ఆ పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన ఏడే మండలి పుట్టింది. భావరాజు వేంకట కృష్ణారావు సంపాదకత్వంలో వెలువడిన ‘రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచిక’ దాని తొలి కానుక. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజుతోనే పని మొదలుపెట్టడం ఆ ఊరికి సహజం.

అప్పటికి తెలుగువారి చరిత్రను వరుసగా చెప్పిన పుస్తకాలు చాలా తక్కువ. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి భాగం 1910లో వచ్చింది. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ జరిగాక ప్రత్యేక రాష్ట్రం మాట ఊరూరా వినిపించసాగింది. మేమొక జాతి అని చెప్పుకోవాలంటే గతానికి ఆధారాలు చూపాలి. ఆధారాలేమో దేవాలయాల గోడల మీద, రైతుల ఇళ్లలో, అగ్రహారీకుల పెట్టెల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

మండలి అసలు పని వాటిని వెతకడమే. పొలం దున్నుతుంటే రాగిరేకులు బయటపడడం కోస్తా జిల్లాల్లో అరుదు కాదు. ఒక కడియానికి గుచ్చిన రేకులు, కడియం అతుకు మీద రాజముద్ర ఉంటాయి. తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు కనిపిస్తాయి. దొరికినవాడికి అది వట్టి రాగి. కరిగిస్తే చెంబు అవుతుంది. చరిత్రకారుడికి మాత్రం అందులో వంశావళి, దానం పొందినవారి గోత్రం, ఊరి పొలిమేరలు, గ్రహణమో సంక్రాంతో జరిగిన తిథి దొరుకుతాయి. రాతి శాసనమైతే తడి కాగితం పరిచి, బ్రష్‌తో అక్షరాల గాళ్లలోకి కొట్టి, పైన సిరా అద్ది నకలు తీయాలి. లిపి చదవడం ఆ తరువాతి మాట. ఈ శ్రమకు పూనుకున్నవారిలో న్యాయవాదులూ ఉపాధ్యాయులూ ఉన్నారు.

1926 జూలైలో మండలి ఇంగ్లిషు త్రైమాసిక పత్రిక మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ ఏడే. మల్లంపల్లి సోమశేఖర శర్మ, చిలుకూరి నారాయణరావు వంటివారు ఆ పత్రికకు రాశారు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల తామ్రశాసనాలు అందులో వరుసగా అచ్చయ్యాయి. గాంగ శకం ఏ ఏడు మొదలైందన్నది అప్పటి పెద్ద వివాదం. శాసనాల్లోని తిథి, వార, గ్రహణాలను లెక్కగట్టి ఒకరి వాదాన్ని మరొకరు ఖండించుకున్నారు. క్రీ.శ. 5వ శతాబ్ది చివరన అన్న అభిప్రాయం తరువాత స్థిరపడింది. ఆ చర్చకు కావలసిన ముడిసరుకును అందించిన ఘనతలో ఈ పత్రికకు పెద్ద వాటా ఉంది.

అయితే ఇంగ్లిషు రాని పాఠకుడికి మండలిని దగ్గర చేసినవి తెలుగు సంచికలే. రాళ్లబండి సుబ్బారావు సంపాదకత్వంలో 1930లో ‘కళింగదేశ చరిత్ర’ వచ్చింది. ఆంధ్రులకూ ఉత్కళులకూ మధ్య సరిహద్దు తగాదా ముదురుతున్న రోజులవి. ఆ వేడి ప్రభావం దాని మీద లేదనలేం. 1935లో మారేమండ రామారావు సంపాదకుడుగా ‘కాకతీయ సంచిక’, 1947లో ‘రెడ్డి సంచిక’ వెలువడ్డాయి. నిజాం రాష్ట్రంలో ఇటువంటి పనినే లక్ష్మణరాయ పరిశోధక మండలి చేపట్టింది. 1923లో మరణించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పేరిట నడిచిన ఆ సంస్థ, ఆదిరాజు వీరభద్రరావు పూనికతో, 1935లోనే ‘తెలంగాణా శాసనములు’ తొలి సంపుటాన్ని అచ్చువేసింది. ఓరుగల్లు చరిత్ర ఒకే ఏడు గోదావరి ఒడ్డునా మూసీ ఒడ్డునా పుస్తకరూపం దాల్చిందన్నమాట.

మండలి రచనల్లో రాజులకూ యుద్ధాలకూ దక్కినంత చోటు సాగుకు, పన్నులకు, స్త్రీలకు దక్కలేదు. శాసనాల్లో ఆ సమాచారం లేక కాదు, నాటి చరిత్రరచన దృష్టి వంశక్రమం మీదే ఉండేది. అయినా మూలపాఠాన్ని అచ్చువేసి పెట్టారు గనుక తరువాతివారు అదే శాసనంలో సుంకాల పేర్లనూ చెరువుల లెక్కలనూ చదువుకోగలిగారు. భావరాజు కృష్ణారావు 1942లో ఆంధ్రదేశపు తొలి రాజవంశాల మీద ఇంగ్లిషులో పెద్ద గ్రంథమే రాశారు. రాజమహేంద్రవరంలో 1967లో ఏర్పడిన ప్రభుత్వ మ్యూజియానికి రాళ్లబండి సుబ్బారావు పేరు పెట్టారు.