నందకుమారుని యభియోగము

అధికారి లంచగొండితనమును బయలుపెట్టు మాట సత్యమైనచో లోకోపకారము, అసత్యమైనచో నపవాదము. ఈ రెంటిని వేఱుపఱుచునది నిష్పక్షపాతమగు విచారణ యొక్కటియే. అది సకాలమున జరుగనిచో నుభయుల గౌరవము నెట్లు చెడునో వంగదేశమందలి నందకుమారుని వృత్తాంతము తెలుపుచున్నది.

1773వ సంవత్సరపు రెగ్యులేటింగు చట్టముచేఁ గలకత్తాలో గవర్నరు జనరలును, నలువురు సభ్యులును గల యాలోచనసభయు, సుప్రీముకోర్టును నేర్పడెను. సభ్యులలోఁ గ్లేవరింగు, మాన్సను, ఫ్రాన్సిసు అను మువ్వురు గవర్నరు జనరలగు వారన్ హేస్టింగ్సునకుఁ బ్రతిపక్షులు. 1775 మార్చి 11వ తేది ఫ్రాన్సిసు నందకుమారుని లేఖను సభ ముందుంచెను. మున్నీబేగమును బాలనవాబునకు సంరక్షకురాలిగా నియమించుటకును, నందకుమారుని కుమారుఁడగు గురుదాసున కుద్యోగ మిచ్చుటకును హేస్టింగ్సు మూఁడున్నర లక్షల రూపాయలకుఁ బైగా గ్రహించెనని యందలి సారాంశము.

తన సభలోనే తాను ముద్దాయిగా నిలువనని హేస్టింగ్సు సభ ముగించి వెడలెను. పిదప నా మువ్వురును విచారించి, సొమ్ము పుచ్చుకొన్నమాట నిజమని తీర్మానించిరి. కాని తీర్పరులే శత్రువులగుటచే నా తీర్మానమునకు గౌరవము కలుగలేదు.

మే 6వ తేది, పూర్వపు ఋణవ్యవహారమునఁ గూటపత్రము సృజించెనను నేరముపై నందకుమారుఁడు నిర్బంధింపఁబడెను. మోహనప్రసాదు వాది. కూటపత్రమునకు మరణదండన విధించు 1728వ సంవత్సరపు ఇంగ్లీషు శాసనము వంగీయులకు వర్తించునా యన్నది నాఁడే వివాదాస్పదము. అయినను సుప్రీముకోర్టు మరణశిక్ష విధించెను. ఆగస్టు 5వ తేది నతఁ డురిదీయఁబడెను.

ప్రధాన న్యాయమూర్తి యగు ఇంపీ హేస్టింగ్సునకు బాల్యమునఁ బాఠశాలామిత్రుఁడు. ఇందుచే లోకులకు సంశయము కలుగుట సహజము. సంశయము మాత్రము సాక్ష్యము కాదు. ఇంపీపై దెచ్చిన యభియోగ ప్రస్తావము 1788లోఁ గామన్సు సభలో వీఁగిపోయెను. హేస్టింగ్సు ఇంపీచేత నందకుమారుని హత్య చేయించెనని పలికిన బర్కును 1789లో నా సభయే మందలించెను. లంచము నారోపించిన బర్కే యపవాదకుఁడని యనిపించుకొనెను! 1795లో హేస్టింగ్సు నిర్దోషి యని ప్రభువుల సభ తీర్పు చెప్పెను. అప్పటికి ప్రధానసాక్షి మరణించి యిరువది యేండ్లయ్యెను.

1885లో స్టీఫెను న్యాయస్థానపక్షమును, 1886లో బెవెరిడ్జి నందకుమారుని పక్షమును వహించి గ్రంథములు వ్రాసిరి. హేస్టింగ్సు నిర్దోషియైనచో, అభియోక్తను బహిరంగముగాఁ బ్రశ్నించి కళంకము బాపుకొను నవకాశ మురికొయ్యపై నంతరించెను. దోషియైనచోఁ బ్రజలకు న్యాయ మచ్చటనే యంతరించెను. అభియోక్త మరణింపవచ్చును, అభియోగము మాత్రము విచారణచేతనే శమించును.