చూడటం వేరు, చూసుకోవడం వేరు

ఉదయం తొమ్మిదింపావు. గోడవారగా వేసిన పిల్లల కుర్చీలో మీరు ఎలాగో సర్దుకుని కూర్చున్నారు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. మీ మనవరాలు పక్క గదిలో ఉంది, అందుకే మిమ్మల్ని ఈ గదికి పంపారు. గుమ్మం దగ్గర ప్రిన్సిపాల్ గారు మూడే మాటలు చెప్పారు: మాట్లాడకండి, సాయం చేయకండి, మెచ్చుకోకండి.

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి మేనేజరుగా రిటైరైన మనిషి మీరు. స్కూలు కార్యవర్గంలోకి రమ్మంటే సరేనన్నారు. నెలకో మీటింగు, నాలుగు సంతకాలు, రెండు సమోసాలు అనుకున్నారు. ఈ గంటసేపు కూర్చోవడం గురించి ఎవరూ చెప్పలేదు.

గదిలో ముప్పైమంది దాకా ఉన్నారు. మూడేళ్లవాళ్లూ, ఐదేళ్లవాళ్లూ అంతా కలిసే. టీచరు ఎక్కడుందో కాసేపు వెతుక్కోవలసి వచ్చింది. ఆవిడ మూలన చాప మీద కూర్చుని, ఒక పాప చేత శాండ్‌పేపర్ ‘అ’ మీద వేలు తిప్పిస్తోంది. పిల్లలు ఆవిణ్ణి ‘అక్కా’ అంటున్నారు.

నడిమధ్యన ఒక బాబు పింక్ టవర్ కడుతున్నాడు. మొత్తం పది దిమ్మెలు. అన్నిటికన్నా పెద్దదాని భుజం 10 సెంటీమీటర్లు, చిన్నదానిది ఒక్క సెంటీమీటరు. ఆ చిన్నదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి పైన పెట్టాడు. వెనకాల ఇంకొకడు చేతులు వెనక్కి పెట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు. గదికి టవర్ ఒక్కటే. మీరు నోటుబుక్కులో రాసుకున్నారు: ‘ఇంకో రెండు కొంటే పోలా?’

ఇంతలో మీ కాళ్ల దగ్గరే నీళ్లు ఒలికాయి. మూడేళ్ల బుడతడు ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి పోస్తూ సగం నేలపాలు చేశాడు. మీరు కుర్చీలోంచి సగం లేచారు. జేబురుమాలు చేతిలోకి వచ్చేసింది. ఆ మూడు మాటలు గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డారు.

వాడు నీళ్లకేసి చూస్తున్నాడు. ఎంతకీ కదలడు. మీకు అరచేతులు దురద పెడుతున్నాయి. అక్క ఒకసారి తలెత్తి చూసి మళ్లీ ‘అ’లోకి దిగిపోయింది. చివరికి వాడు అలమర దగ్గరికి నడిచాడు, స్పాంజి తెచ్చాడు, అద్దాడు, బకెట్‌లో పిండాడు. వంగి చూస్తే ఇంకో చుక్క మిగిలింది. అదీ తుడిచాడు. తిట్టినవాళ్లు లేరు, చప్పట్లు కొట్టినవాళ్లూ లేరు. వాడు మళ్లీ కూజా ఎత్తాడు.

పదిన్నరకు పై గదిలో కార్యవర్గం కూర్చుంది. మొత్తం ఏడుగురు. అధ్యక్షురాలు రిటైర్డ్ లెక్చరర్. మీ టవర్ ప్రశ్న విని నవ్వారు. “పిసినారితనం కాదు సార్. ఇంట్లో అన్నీ అడక్కముందే దొరుకుతున్నాయి. తన వంతు కోసం ఆగడం ఇక్కడైనా నేర్చుకోవాలి కదా.”

ఆ తర్వాత చాప పరిచి, రెండు బుట్టలు పెట్టారు. ఒకటి కార్యవర్గానిది, ఒకటి ప్రిన్సిపాల్‌ది. మీ చేతికి చీటీల కట్ట ఇచ్చారు. ఏ పని ఎవరిదో మీరే వేయాలి. తప్పో ఒప్పో ఎవరూ చెప్పరు. చీటీ వెనకాల రంగుచుక్క ఉంటుంది, తిప్పి చూసుకోవడమే. పిల్లల సామగ్రిలాగే!

ఆడిట్. మనదే. ప్రిన్సిపాల్ నియామకం, ఏటా ఆవిడ పనితీరు సమీక్ష. మనదే. ఏ అక్క ఏ గదిలో? అదీ మన బుట్టలోనే వేశారు. తిప్పితే తప్పు. ఎమ్మెల్యే గారి సిఫార్సు అడ్మిషన్? మనం నియమం రాస్తాం, ఆ నియమం ప్రకారం సీటు ఇవ్వాల్సింది ప్రిన్సిపాల్. బావమరిది పంపిన షెడ్డు కొటేషన్? విషయం ముందే చెప్పి, చర్చ జరిగేటప్పుడు మీరు బయటికి వెళ్లాలి. వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి.

‘పదింటికి డాన్సు క్లాసు.’ దీని వెనక మాత్రం రెండు చుక్కలున్నాయి. టైంటేబుల్ ప్రిన్సిపాల్‌దే. కానీ పొద్దుట మూడు గంటలు పిల్లల పనికి ఎవరూ అడ్డురాకూడదన్నది స్కూలు తల్లిదండ్రులకిచ్చిన మాట. ఆ మాట తప్పే అధికారం ప్రిన్సిపాల్‌కి లేదు, కాపాడే బాధ్యత కార్యవర్గానిది.

చివరి చీటీ: ‘మూడో ఏడు రాకముందే పిల్లల్ని వేరే స్కూలుకి మార్చేస్తున్నారు.’ మీలోని బ్యాంకు మేనేజరు నిద్రలేచాడు. “కింద మూడేళ్లవాళ్లను చేర్చుకుంటే సరి. ఆదాయం తగ్గదు.”

“పద్దు సరిపోతుంది సార్. గది సరిపోదు,” అన్నారావిడ. రెండేళ్లు పెద్దపిల్లల్ని చూసి నేర్చుకున్న బిడ్డ, మూడో ఏట తాను పెద్దవాడై చిన్నవాళ్లకు చూపిస్తాడు. ఆ ఏడాది పోతే వాడూ నష్టపోతాడు, వాడి వెనకాలవాళ్లూ నష్టపోతారు.

గోడ మీద, ఈ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి ఫొటో ఉంది. 1939లో కొద్ది నెలల కోసమని మద్రాసులోని అడయారు వచ్చారావిడ. వచ్చిన మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఇక్కడే చిక్కుబడి 1946 దాకా టీచర్లకు శిక్షణ ఇస్తూ ఉండిపోయారు. “ఆవిడ పేరు మాత్రం ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు,” అన్నారు అధ్యక్షురాలు. “ఆ పేరు పెట్టుకుని ఎక్కాలు వల్లెవేయించే స్కూళ్లు మీరూ చూసుంటారు. మనం రాసుకున్న పేరుకి పూచీ ఈ గదిలో ఉన్న ఏడుగురిదే.”

పూచీ అంటే మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పన్నెండుకు గేటు దగ్గర మీ వీధిలో ఉండే అమ్మాయి ఎదురైంది. “అంకుల్, మీరిప్పుడు కమిటీలో ఉన్నారట కదా! మావాడు ఇంకా ఏబీసీడీలు రాయట్లేదు. మేడంకి ఒక్క మాట చెప్పరూ?”

‘నేను చూసుకుంటాలేమ్మా.’ అలవాటైన మాట, నాలుక చివరిదాకా వచ్చింది. కాళ్ల దగ్గర ఒలికిన నీళ్లు కళ్లలో మెదిలాయి. మింగేశారు.

“ముందు వాళ్ల అక్కతో మాట్లాడమ్మా. ఒకపూట వచ్చి గదిలో ఓ గంట కూర్చుంటానని కూడా అడుగు.”

“మరి మీరు?”

“చూస్తానమ్మా.”

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తప్పు ఆమెది కాదు. బ్యాంకులో మీరు ‘చూస్తాం’ అన్నారంటే అప్పు రాదని ఊరందరికీ తెలుసు. ఇవాళ మాత్రం ఆ మాటకు ఉన్న అర్థమే మీ ఉద్దేశం.