అక్షాంశ రేఖాంశాల దాగుడుమూతలు

లంకెబిందెల కథ లేని ఊరు తెలుగుదేశంలో అరుదు. పాడుబడిన కోటలో ఉన్నవని ఒకచోట, శివాలయంలో నంది క్రింద ఉన్నవని ఇంకొకచోట, చెరువుగట్టు మీది రావిచెట్టు మొదట ఉన్నవని వేరొకచోట చెప్పుకొంటారు. కథ విని నవ్వుకొన్నవారివల్ల హాని లేదు. పలుగు, పార పట్టుకొని బయలుదేరినవారు మాత్రం గుళ్ళు చెడగొట్టినారు, విగ్రహాలు పగులగొట్టినారు. పది రూపాయలకు మించిన నిక్షేపం భూమిలో దొరకితే కలెక్టరుకు తెలుపవలెనని 1878లోనే చట్టం వచ్చినది. అయినను ఆ ఆశ పూర్తిగా చల్లారినది కాదు.

ఇట్టి ఆశకు చోటులేని మరొక వేట 2000 సంవత్సరం నుండి ప్రపంచంలో వ్యాపించినది. దీనిలోనూ దాచువారున్నారు, వెదకువారున్నారు, పెట్టె ఉన్నది. కాని పలుగు లేదు, పార లేదు. పెట్టెలో బంగారం లేదు. దీనిని జియోకాషింగ్ అంటారు. ఒకరు చిన్న డబ్బాలో ఒక పుస్తకం ఉంచి, దానిని కనుచాటున పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను లోకానికి తెలుపుతారు. తక్కినవారు ఆ అంకెలను పట్టుకొని, చేతియంత్రంతోనో సెల్ ఫోనుతోనో అక్కడకు చేరి, డబ్బా కనుగొని, పుస్తకంలో పేరు, తేదీ వ్రాసి, ఉన్నదానిని ఉన్నచోటనే ఉంచి వస్తారు. ఆట ఇంతే. పిల్లలు, పెద్దలు, ఇరుగుపొరుగులు కలిసి ఆడదగినది.

ఈ ఆట పుట్టిన తేదీ స్పష్టంగా తెలిసినదే. అమెరికా ప్రభుత్వం 1978 నుండి ఆకాశంలోనికి పంపుతూ వచ్చిన జి.పి.ఎస్. ఉపగ్రహాలు తొలుత సైన్యంకొరకు ఏర్పడినవి. పౌరులకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత తప్పు కలిపేవారు. అది వంద మీటర్ల వరకు ఉండేది. 2000 మే నెల ఆరంభంలో ఆ కల్తీని తొలగించినారు. వెంటనే, మే 3వ తేదీన, ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్టులో పుస్తకాలు, ఉండేలు, చిక్కుడు గింజల డబ్బా మొదలైనవి పెట్టి, దారి ప్రక్కన దాచి, అంకెలను ప్రకటించినాడు. దొరకినవారు ఏదో ఒకటి తీసికొని, మరొకటి అందులో ఉంచవలెను, అదే నియమం. కొద్ది దినాలలోనే దానిని వెదకి పట్టినారు. నేడు ప్రపంచమంతటా ఇట్టి డబ్బాలు ముప్పది లక్షలకు పైగా ఉన్నవి.

వంద మీటర్ల తప్పు తొలగుట అంత పెద్ద విషయమా యని కొందరు అడుగవచ్చును. కోనసీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వంద మీటర్లు తప్పితే కాలువకు ఈవలి గట్టున ఉండవలసినవాడు ఆవలి గట్టున ఉంటాడు; మన కొబ్బరితోటలో వెదకవలసినవాడు పొరుగువారి అరటితోటలో వెదకుతాడు. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. దానిని 60 పాళ్ళు చేస్తే ఒక నిమిషం. అది సుమారు 1,850 మీటర్లు. నిమిషంలో వెయ్యవ వంతు రెండు మీటర్లకు లోపే. ఈ లెక్క బడిలో పలక మీద నేర్చిన పిల్లవానికి అది అంకెగానే మిగులుతుంది. గట్టు మీద నడిచి నేర్చినవానికి అది కాలికి తెలుస్తుంది.

చోటును అంకెతో పట్టుట మన దేశానికి కొత్త కాదు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగికొండ సమీపాన విలియం లాంబ్టన్ ఆధారరేఖను కొలుచుటతో మహా త్రికోణమితీయ సర్వే దక్షిణాదిన వేళ్ళూనినది. ఆయన కోణాలు కొలిచిన యంత్రం బరువు అర టన్ను. ఆయన శిష్యుడు జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పనిచేస్తూ విషజ్వరం పాలైనాడు. తూర్పు తీరం వెంట సాగిన కొలతకు 1862-63లో విశాఖపట్నం వద్ద ఆధారరేఖను కొలిచినారు. గ్రామాలలోనైతే 66 అడుగుల గొలుసు, అందులో నూరు లింకులు, పొలిమేరలు కలిసే చోట పాతిన రాయి, కరణంగారి పుస్తకం — ఇవే చోటుకు సాక్ష్యాలు. 1984లో కరణీకం రద్దయినది. రాళ్ళు అనేకచోట్ల పొదల మాటున దాగినవి.

కొలిచేవాని చూపుకు, త్రవ్వేవాని చూపుకు గల భేదం అమరావతి చెప్పగలదు. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతికి రాజధాని మార్చినపుడు, రాతికొరకు అక్కడి దిబ్బను త్రవ్వినారు. త్రవ్వినవారికి నిధి మీద ఆశ కూడ ఉన్నదని చెప్పుతారు. సర్వే ఉద్యోగి కాలిన్ మెకంజీ ఆ శిల్పాలను అప్పుడే చూచినాడు. 1816లో తిరిగి వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు ఏర్పడి ఉన్నది. ఆయన మిగిలిన పలకలకు బొమ్మలు గీయించి, వాటి స్థానాలు గుర్తింపించినాడు. ఆయనకు తోడైన కావలి సోదరులు మన తెలుగువారే. మెకంజీ ప్రేరణతో ఊరూర వ్రాయబడిన కైఫీయతులు నేటికీ మన గ్రామచరిత్రకు ఆధారం. త్రవ్వినవారు తీసికొని పోయినది ఎటుపోయినదో తెలియదు. కొలిచి వ్రాసినవారు ఉంచినది మనకు దక్కినది.

వెదకి, వ్రాసి, ఉంచి వచ్చుట అనే వేడుక కూడ ఉపగ్రహాలకన్న పాతదే. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడునేలలో జేమ్స్ పెరట్ అనే దారిచూపరి, క్రాన్‌మియర్ మడుగు వద్ద ఒక సీసా ఉంచినాడు. అంతదూరం నడిచి వచ్చినవారు తమ పేరుచీటీలు అందులో వేసేవారు. సరిగా ఆ దినాలకు ఒకటి రెండేళ్ళు అటూఇటూగా, మన కోనసీమలో మరొక విధమైన గుర్తు లేచినది.

అది పి.గన్నవరం అక్విడెక్టు. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరం ఆనకట్ట నీరు వైనతేయ ఆవలి నగరం లంకకు అందవలెనంటే నది మీదుగా కాలువను దాటింపవలెను. ఆర్థర్ కాటన్ దొరవారి క్రింద పనిచేసిన హెయిగ్ అనే యువ ఇంజనీరు ఆ పని చేసినాడు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు గల 49 కమానులు. మొత్తం పొడవు 2,248 అడుగులు. క్రింద నది, పైన కాలువ. కాలువ పల్లానికి పారవలెను గనుక, ఆ వాలును అంగుళాలతో లెక్క కట్టనిదే చుక్క నీరు ఆవలికి పోదు. 2000లో దాని సమీపాన కొత్త అక్విడెక్టు వచ్చినది. లంకల గన్నవరంలో అన్నార్తులకు తన ఇల్లు తెరిచియుంచిన డొక్కా సీతమ్మ (1841-1909) గారి పేరు దానికి పెట్టినారు. ప్రపంచంలో ఈ ఆట పుట్టిన సంవత్సరమూ అదే.

ఇట్టిచోట ఆట ఎట్లు ఆడవలెను? డబ్బా ఉంచితీరవలెనన్న నియమం లేదు. 2004 నుండి భూమి కాష్ అనే ఒక పద్ధతి ఉన్నది. అందులో పెట్టె ఉండదు. ఆ చోటికి పోయి నేలను, నీటిని చూచినవారే చెప్పగల ప్రశ్నలుంటవి. నది ఎటు కోస్తున్నది, ఎటు మేట వేస్తున్నది? ఇసుక ఏ రంగు, ఒండ్రు ఏ రంగు? కుటుంబంలో ఒకరు అంకెలు చదువుతారు, ఒకరు దిక్కు చూస్తారు, పిల్లలు కమానులు లెక్కపెడతారు, తాతగారు పూర్వపు వరద గుర్తు చూపుతారు. సంక్రాంతికి దూరదేశాల నుండి వచ్చిన పిల్లలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూచిన మరునాడు, బావమరదళ్ళతో కలిసి ఒక పూట ఇట్లు తిరిగితే, తమ ఊరు వారికి చుట్టపుచూపుగా మిగిలిపోదు.

డబ్బాయే ఉంచదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. దానిని పాతిపెట్టరాదు. స్థలం సొంతదారుని అనుమతి పొందవలెను. వంతెనల మీద, రైలుదారుల వద్ద, గుళ్ళలో ఉంచరాదు. ఎవరిదో తెలియని పెట్టె కనబడితే జనం బెదురుతారు. పురావస్తుశాఖవారు రక్షించిన ఆదుర్రు బౌద్ధస్తూపం వంటి చోట్ల చూచుటయే గాని తాకుట తగదు. తినుబండారాలు ఉంచితే ఉడుతలే ముందు కనుగొంటవి. కొబ్బరాకుల క్రింద ఉపగ్రహ సంకేతం తడబడుతుంది గనుక తోటలో యంత్రాన్ని కొంత, కన్నును ఎక్కువ నమ్మవలెను. వరదకాలంలో లంకలకు పోరాదు.

కోనసీమ నది తెచ్చి పోసిన నేల. పోసిన చేతితోనే నది తీసికొంటూ ఉంటుంది. ఒక వరదలో గట్టు జారుతుంది, మరొక వరదలో లంక లేస్తుంది. మన తాత నాటిన చెట్టు ఉన్న చోటు నేడు నీటి క్రింద ఉండవచ్చును. ఆ చోటి అంకె మాత్రం చెరగదు. ఆ అంకె దగ్గరకు ఏటేటా నడిచి వెళ్ళి, ఈ ఏడు గట్టు ఇక్కడ ఉన్నదని, ఈ ఏడు నాలుగడుగులు లోపలికి జరిగినదని, తేదీ వేసి వ్రాసి ఉంచిన కుటుంబం, తన ఊరికి ఒక కొత్త కైఫీయతు వ్రాసిపెట్టినట్లే. లంకెబిందెలు దొరకినవారు ఆ మాట దాచుకొంటారు. ఈ పుస్తకం దొరకినవారు అందులో తమ పేరు చేర్చి, తరువాత వచ్చువారికొరకు అక్కడనే ఉంచుతారు.