ఆల్క్విన్ పండితుడు - లాటిను విద్యాపునరుద్ధరణము

క్రీ. శ. ఎనిమిదవ శతాబ్ది చివర ఫ్రాంకుల ప్రభువగు షార్లమేన్ తన రాజ్యమున విద్యను పునరుద్ధరింప బూని, ఇటలీనుండి పీసా పీటరును, పౌలుస్ డయాకొనసును, స్పెయినునుండి థియొడల్ఫును ఆస్థానమునకు రావించెను. అయినను ఆ పండితమండలిలో ప్రధానాచార్య స్థానము ఇంగ్లండు దేశమున జన్మించిన ఆల్క్విన్‌కు లభించెను. లాటిను తరతరములుగా జనుల నోట నిలిచిన గాల్ దేశమునకు, దానిని పరభాషగా నేర్చినవాడు వచ్చి వర్ణక్రమము దిద్దవలసి వచ్చుట విచిత్రముగా తోచును. దీనికి కారణమేమి, ఫలితమేమి అను రెండు విషయములను ఇచట విచారింతము.

ఆల్క్విన్ 735 ప్రాంతమున నార్తంబ్రియా రాజ్యమున జన్మించెను. విఖ్యాత చరిత్రకారుడగు బీడ్ మరణించినదియు 735 లోనే. బీడ్ శిష్యుడును యార్కు ఆర్చిబిషప్పును అగు ఎగ్బర్టు పోషించిన పాఠశాలలో, ఏల్బర్టు అను గురువునొద్ద ఆల్క్విన్ విద్య నభ్యసించెను. 767 లో ఏల్బర్టు ఆర్చిబిషప్పు పదవి నధిష్ఠింపగా పాఠశాలా భారము శిష్యునిపై బడెను. యార్కు నగర మహనీయులను గూర్చి ఆల్క్విన్ రచించిన లాటిను కావ్యమున, అచటి గ్రంథాలయమందలి గ్రంథకర్తల పేర్లు పెక్కు కలవు. 781 లో రాచకార్యముపై రోమునకు పోయి మరలి వచ్చుచు, పార్మా నగరమున ఆతడు షార్లమేన్‌ను కలిసికొనెను. ఆస్థానమునకు ఆహ్వానము లభించినది అప్పుడే.

ఆనాటి మతాచార్యుల విద్యాస్థితి యెట్టిదో తెలుపుటకు ఒక్క నిదర్శనము చాలును. బవేరియాలో ఒక పురోహితుడు జ్ఞానస్నాన మంత్రమున విభక్తు లెరుగక, 'తండ్రి' అనుటకు మారుగా 'స్వదేశము' అనియు, 'కుమారుడు' అనుటకు మారుగా 'కుమార్తె' అనియు అర్థమిచ్చు రూపములను పలికెను. ఆ స్నానము చెల్లునా చెల్లదా యను వివాదము పోపు జకరియా వరకు పోగా, తప్పు అజ్ఞానమువలన జరిగినదే కావున చెల్లునని ఆయన 746 లో తీర్పు చెప్పెను. గాల్ దేశమున చిక్కు వేరు. అచట లాటిను వ్యవహారమున క్రమముగా మారిపోవుచుండెను. లేఖకులు తాము పలికినట్లే వ్రాయుచుండిరి. ఇంగ్లండులోనన్ననో లాటిను ఎవరికిని మాతృభాష కాదు. దానిని వ్యాకరణ గ్రంథములనుండియే నేర్వవలసి యుండుటచే ప్రాచీన రూపములు అచట చెడక నిలిచినవి. ఆల్క్విన్ యోగ్యత ఇచటనే యున్నదని నా అభిప్రాయము.

789 నాటి రాజశాసనము బాలురకు పాఠశాలలు నెలకొల్పవలెననియు, మతగ్రంథములను తప్పులు లేకుండ దిద్దవలెననియు ఆదేశించినది. ఆ శాసన రచనలో ఆల్క్విన్ హస్తము కలదని పండితులు తలంతురు. వర్ణక్రమముపై ఒక గ్రంథమును, ఫ్రాంకు బాలుడు సాక్సన్ బాలుడు సంభాషించుకొనునట్లు ఒక వ్యాకరణమును ఆతడు రచించెను. 796 లో టూర్సు నగరమందలి సెయింట్ మార్టిన్ మఠాధిపతియై, బైబిలు పాఠమును సంస్కరించి ప్రతులు వ్రాయించెను. కెరొలింగియన్ లిపిని ఆతడే సృష్టించెనను వాదము మాత్రము నిలువదు. ఆ లిపి ఆతడు రాక పూర్వమే కోర్బీ మున్నగు మఠములయందు రూపొందుచుండెను. ఆతడు 804 మే 19 న మరణించెను.

ఈ సంస్కరణమునకు ఒక అనూహ్యమైన ఫలితము కలిగినది. లాటినును ప్రతి యక్షరము పలుకుచు శుద్ధముగా చదువ నారంభింపగా, అది సామాన్యునికి దుర్బోధమైనది. 813 లో ఆ టూర్సు నగరముననే సమావేశమైన మతసభ, ఉపదేశములను జనుల రోమను భాషలోనో, జర్మను భాషలోనో అందరికిని తెలియునట్లు చెప్పవలెనని నిర్ణయించెను. లాటినును కాపాడుటకై చేసిన యత్నమే దేశభాషలకు ప్రత్యేక ప్రతిపత్తిని గలిగించెనని కొందరు భాషాచరిత్రకారులు వాదించిరి. ఇది సర్వసమ్మతము గాకున్నను, గ్రాంథిక వ్యావహారిక వివాదము నెరిగిన మనకు విచారణీయమైన విషయము.

అంతమాత్రమున ఆల్క్విన్ కృషి విఫలమైనదన రాదు. టూర్సునుండి రాజునకు వ్రాసిన లేఖలో, యార్కులోని గ్రంథములు తనకు కొరవడినవనియు, వానిని తెచ్చుటకు శిష్యులను పంప ననుమతింపు మనియు ఆతడు వేడుకొనెను. 866 లో డేనులు యార్కును పట్టుకొనిరి. ఆ గ్రంథాలయము నేడు లేదు. కాని ప్రాచీన రోమను గ్రంథములలో పెక్కింటికి నేడు లభించు తొలి ప్రతులు తొమ్మిదవ శతాబ్ది ఫ్రాంకు లేఖకులు వ్రాసినవే. గ్రంథమును భద్రపరచుట మాత్రము చాలదు. దానిని చదివి, దిద్ది, మరల వ్రాయు శిష్యపరంపర యుండవలెను. ఆల్క్విన్ నిలిపినది అట్టి పరంపరను.